రంగు కోడిపిల్ల పుంజయింది, ఇప్పుడు తోడుకి పెట్టలు తేవచ్చా?

బోడుప్పల్ నాన్న
అందరికీ నమస్తే. వేసవి సెలవుల్లో సైకిల్ మీద గంప పెట్టుకుని వచ్చినతని దగ్గర మా పిల్లలు గులాబీ రంగువి, ఆకుపచ్చవి కోడిపిల్లలు కొనిపించుకున్నారు. వారం తిరక్కుండానే ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. ఆ మిగిలినదానికి రంగు వదిలిపోయి తెల్లగా తేలింది, పెట్ట అనుకుని 'గులాబీ' అని పేరు పెట్టారు, ఇప్పుడది నెత్తిన ఇంత ఎర్ర జుట్టు వేసుకుని తెల్లవారుజామున నాలుగింటికే కూత అందుకుంటోంది. పిల్లలకు ఎంత మాలిమి అయిందంటే స్కూల్ వ్యాన్ హారన్ వినబడగానే గేటు దగ్గరికి పరుగు. దానికి తోడు కావాలని ఇంట్లో ఒకటే గోల. మాది 200 గజాల్లో ఇల్లు, వెనక జామచెట్టు కింద కొంచెం మట్టి నేల ఉంది. నాలుగైదు పెట్టలు తేవాలని ఉంది, వ్యాపారం ఆలోచన లేదు, ఇంటికి గుడ్లు వస్తే చాలు. ఏ జాతి తేవాలి, పక్కింటివాళ్లతో గొడవ రాకుండా ఎలా, ఇవి రెండు నా సందేహాలు. మూడోది మా అమ్మది: "గుడ్లు ఆగిపోయాక వాటిని ఏం చేస్తావురా?" అంటోంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సిద్దిపేట సైకిల్
అన్నా, అవి లేయర్ హేచరీల్లో, అంటే గుడ్ల కోళ్ల పిల్లల్ని పొదిగించే చోట ఏరేసిన పుంజు పిల్లలు. గుడ్ల ఫారాలకు పెట్టలే కావాలి కాబట్టి ఒక్కరోజు వయసులోనే వేరు చేసేస్తారు, ఆ మిగిలినవాటినే చవగ్గా తెచ్చి రంగునీళ్లలో ముంచి వీధుల్లో అమ్ముతారు. కాబట్టి మీ గులాబీ పెట్ట అయ్యే అవకాశం మొదటి నుంచీ లేనట్టే. చనిపోయినవాటికి కూడా కారణం పెద్ద రోగమేమీ కాకపోవచ్చు, కొత్త పిల్లకు మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తల్లి రెక్క కిందైతే అది దొరుకుతుంది, తడిసిన పిల్లకు గంపలో ఎక్కడ దొరుకుతుంది? ఇంకోసారి పిల్లలు అడిగితే అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు వేలాడదీశాకే కొనండి. బల్బు కిందికి గుంపుగా చేరితే చలి అని, దూరంగా పోయి రెక్కలు జార్చి నోరు తెరిస్తే వేడి ఎక్కువైందని లెక్క, థర్మామీటరు కూడా అక్కర్లేదు.

జాతి సంగతికొస్తే మీకు దగ్గర్లోనే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అన్నీ వాళ్లు తయారు చేసినవే. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ తీసుకోండి. పెరట్లో తిరిగి తింటూ కూడా 72 వారాల వయసు వచ్చేలోపు 160, 180 గుడ్ల దాకా పెడుతుంది, గుడ్డు గోధుమ రంగులో నాటు గుడ్డులాగే ఉంటుంది. వనరాజా బరువు బాగా తూగుతుంది కానీ గుడ్లు 100, 110 దగ్గర ఆగుతాయి.

గంపకిందపెట్ట
గ్రామప్రియ మంచిదే తమ్ముడూ, కాదనను, కానీ అది పొదుగు కూర్చోదు. పిల్లలున్న ఇంట్లో కోళ్లు పెంచుతూ పొదిగించడం చూడకపోతే సగం సరదా పోయినట్టే. పైగా అవి సంకర జాతులు, వాటి గుడ్లు పొదిగించినా వచ్చే పిల్లలకు తల్లి లక్షణాలు అలాగే రావు, మళ్లీ మళ్లీ కొనుక్కోవాలి. నా మాట వింటే మూడు గ్రామప్రియలు, ఒక నాటు పెట్ట. నాటుది ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు గానీ పిల్లల్ని సాకడంలో దానికి సాటి లేదు, గద్ద నీడ పడితే చాలు, ఒక్క అరుపుతో అన్నిటినీ రెక్కల కిందికి లాగేస్తుంది.

మా అత్తగారు పొదగేసే పద్ధతి చెప్తాను. పాత గంపలో ఇసుక, దాని మీద గడ్డి, గుడ్లు పెట్టి అంచున ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ, ఒక ఇనుప మేకు పెట్టేది. ఉరుములకు గుడ్లు చెడిపోకుండా అట. మేకు సంగతి నాకు తెలియదు గానీ ఇసుక వేయడం మాత్రం భలే పని, గుడ్లు దొర్లిపోవు, వేడి నిలుస్తుంది. వారానికి మించి నిలవ ఉన్న గుడ్లు పెట్టకండి. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు ఆనించి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, ఏమీ లేకుండా తేటగా ఉంటే అది ఒట్టి గుడ్డు, తీసేయొచ్చు. మా అమ్మాయి అది చూశాక పదిహేను రోజులపాటు మాకు వేరే కబురు చెప్పలేదు. 21వ రోజున పెంకులోంచి కిచకిచ వినిపిస్తుంది, అప్పుడు తొందరపడి పెంకు ఒలవకండి, లోపల పిల్లకు ఇంకా రక్తం పీల్చుకునే పని ఉంటుంది.

నాటుకోడిపులుసు
అన్నా మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు నా పేరులోనే ఉంది 😄

గంపకిందపెట్ట
అందరికీ తెలిసిన జవాబే బాబూ, దానికి పేరు పెట్టకముందైతే.

మూడో అంతస్తు
నేను కోళ్లు పెంచను, పక్కింట్లో పుంజు ఉన్న బాధితుణ్ణి, కాబట్టి అవతలివైపు మాట ఒకటి వినండి. నైట్ షిఫ్ట్ ముగించుకుని మూడింటికి పడుకుంటాను, నాలుగింటికి అది మొదలు. తెల్లారిందని కూస్తుందనుకునేవాణ్ణి, వెలుతురు రాకముందే ఎందుకు కూస్తోందని వెతికితే తెలిసింది ఏంటంటే, జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లోనే తేల్చారు, పుంజుకు ఒంట్లోనే గడియారం ఉందట, మసక వెలుతురులో ఉంచినా వేళకు కూసి తీరుతుందట. అంటే ఇక నాకు మోక్షం లేదు. బోడుప్పల్ అన్నా, పెట్టలు ఎన్నయినా తెచ్చుకోండి, ఎవరూ ఏమీ అనరు, పుంజు సంగతి మాత్రం పక్కవాళ్లతో ముందే మాట్లాడుకోండి. మా పక్కాయన ఒక్కసారి వచ్చి "ఇబ్బందిగా ఉందా సార్" అని అడిగుంటే నాకు సగం కోపం పోయేది.

బోడుప్పల్ నాన్న
మూడో అంతస్తు గారూ, మీ పోస్ట్ చదివి నిన్న సాయంత్రమే రెండువైపులా వెళ్లి అడిగాను. ఎడమవైపు పెద్దాయనకు సంతోషమేనట, ఊరు గుర్తొస్తోందన్నారు. కుడివైపు వాళ్ల పాప ఇంటర్ చదువుతోంది, పరీక్షల్లో మాత్రం చూసుకోండి అన్నారు. ఇంతకీ పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెడతాయా? మా ఆవిడ పెట్టవు అంటోంది.

సిద్దిపేట సైకిల్
పెడతాయన్నా. పుంజు లేకపోతే ఆ గుడ్డు పొదిగినా పిల్ల కాదు, అంతే. షాపులో కొనే ఫారం గుడ్లన్నీ అలాంటివే కదా.

కూత తగ్గించాలంటే రాత్రి గులాబీని విడిగా తక్కువ ఎత్తున్న పెట్టెలో పడుకోబెట్టండి. తల పూర్తిగా పైకెత్తి మెడ సాచలేకపోతే గట్టిగా కూయలేదు. లోపల గాలి ఆడాలి, వెలుతురు రాకూడదు. పూర్తిగా ఆగదు గానీ కుడివైపు వాళ్ల కిటికీ దాకా అంత జోరుగా వినపడదు. మెడకు పట్టీ కట్టే పద్ధతి ఒకటి వీడియోల్లో చూపిస్తారు, దాని జోలికి పోకండి, కొంచెం బిగిసినా ఊపిరాడదు.

పెన్షన్ డాక్టరమ్మ
పశువైద్యంలో పనిచేసి రిటైరయ్యాను. జాతుల గురించి బాగా చెప్పుకుంటున్నారు, టీకాల మాట ఒక్కరూ ఎత్తలేదు. పెరటి కోళ్లు మందలకు మందలు పోయేది కొక్కెర తెగులుతోనే. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, నాలుగు రోజులు బతికినదానికి మెడ మెలితిరగడం. అది వచ్చాక మందు లేదు. దానికి టీకా లసోటా, పుట్టిన 5 నుంచి 7 రోజుల్లో కంట్లో ఒక చుక్క. 14వ రోజుకి గంబోరో రోగానికి టీకా. 28వ రోజు మళ్లీ లసోటా. ఎనిమిది వారాలకు కొక్కెర తెగులుకే ఆర్‌2బి అనే టీకా, ఇది ఇంజెక్షన్. కోడి అమ్మవారికి ఆరేడు వారాల మధ్యలో రెక్క పొరలో గుచ్చే టీకా వేరే ఉంది. మారెక్స్ రోగం టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, కొనేటప్పుడు వేశారా లేదా అని అడగండి.

అసలు చిక్కు ఎక్కడంటే టీకా సీసా చిన్నదైనా వంద డోసులుంటుంది, ఒకసారి కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేస్తే నీళ్లు వేసినట్టే. ఐదు కోళ్ల కోసం సీసా కొనాలంటే ఎవరికీ మనసొప్పదు, అందుకే మానేస్తారు. మీ చుట్టుపక్కల కోళ్లున్న నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు పెట్టుకోండి. షాపు నుంచి ఐస్ ముక్కలున్న ఫ్లాస్కులో తెచ్చుకోవాలి. చల్లటి పొద్దున్నే వేయండి, రోగంతో ముడుచుకున్నదానికి వేయకండి.

బోడుప్పల్ నాన్న
డాక్టరమ్మా, చాలా థాంక్స్. గులాబీకి ఏ టీకా పడిందో తెలియదు, ఇప్పుడు దానికి వేయించొచ్చా?

పెన్షన్ డాక్టరమ్మ
చలాకీగా ఉంటే నులిపురుగుల మందు పట్టించి, వారం ఆగి ముందు లసోటా వేయించండి. ఆర్‌2బి గట్టి టీకా, అంతకుముందు లసోటా పడనిదానికి నేరుగా వేయకూడదు. నెల తర్వాత దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అది కూడా వేస్తారు. కొత్త పెట్టల్ని తెచ్చిన రోజే గులాబీతో కలపకండి, రెండు మూడు వారాలు విడిగా ఉంచండి. ముందు పాతదానికి గింజలు వేసి, ఆ తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, చెప్పులు కూడా మార్చండి.

తణుకు తాతయ్య
అమ్మా, బర్డ్ ఫ్లూ మాట కూడా చెప్పండి. 2025 ఫిబ్రవరిలో మా వేల్పూరులోను, అటు కానూరు అగ్రహారంలోను తేలినప్పుడు కిలోమీటరు లోపల ఫారాల కోళ్లతోపాటు ఇళ్లల్లో కోళ్లను కూడా తీసేయాల్సి వచ్చింది. నష్టపరిహారం ఇస్తారు, కానీ మనవరాలు పేరు పెట్టి పిలిచే కోడికి పరిహారం ఏమిటి చెప్పండి. అందుకే ఇప్పుడు మా దొడ్లో నీళ్ల తొట్టెను పైకప్పు కిందికి మార్చాం. చెరువు దగ్గర తిరిగే కొంగలు, బాతులు వచ్చి మన తొట్టెలో నీళ్లు తాగితే ఆ రోగం మన గూటికి రావడానికి అంతకన్నా దారి అక్కర్లేదు.

పెన్షన్ డాక్టరమ్మ
సరిగ్గా చెప్పారు తాతయ్య గారూ. ఒకటి రెండు కోళ్లు కాదు, ఒక్కసారిగా ఎక్కువ చనిపోతే కోసి చూడటం, పెంట మీద పారేయడం రెండూ వద్దు, చేత్తో తాకకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. పిల్లలు కోడిని ఎత్తుకుంటే ఫరవాలేదు, ముద్దులు మాత్రం వద్దు, సబ్బుతో చేతులు కడిగాకే అన్నం. మామూలుగా ఆరోగ్యంగా కనిపించే కోడి పెంటలో కూడా విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు.

ప్లేనో పెరడు
డాలస్ దగ్గర నుంచి. గుడ్లు డజను సగటున 6 డాలర్లు దాటిన 2025 మార్చిలో ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామంది పెరటి కోళ్ల మాట ఎత్తారు. మా కాలనీ హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోలేదు. మా మరిది వాళ్లది ఊరవతల ఇల్లు, అక్కడ పెట్టాం, పుంజు లేదు. లెక్క చూస్తే గూడు, మెష్, దాణా కలిపి అయిన ఖర్చుకు కొన్నేళ్లు దుకాణంలోనే గుడ్లు కొనుక్కోవచ్చు, కాబట్టి గుడ్ల ఆదా కోసమైతే ఎవరూ దిగకండి. పిల్లలు ఐప్యాడ్ వదిలి రెండు గంటలు మట్టిలో కూర్చుంటున్నారు, నాకు అది చాలు.

గూటికి షట్కోణం కన్నాలుండే పల్చటి కోళ్ల జాలి వాడొద్దు. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ బయటిదాన్ని ఆపదు. ఇక్కడ రకూన్ చెయ్యి దూర్చి లాగేస్తుంది, మామూలు గడియ అయితే తీసేస్తుంది కూడా. అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ వేయండి.

సిద్దిపేట సైకిల్
అక్కా మాకు రకూన్ లేదు గానీ పందికొక్కు ఉంది, ముంగిస ఉంది, వీధి పిల్లులున్నాయి. పందికొక్కు కింద నుంచి తవ్వుకొస్తుంది, అందుకే మెష్‌ను నేలలో ఒక అడుగు దించి బయటివైపుకి మడిచి పూడ్చాలి. ముంగిసకు పగలు రాత్రి తేడా లేదు, పగలే వస్తుంది, ఒకటి తినడానికి వచ్చి అన్నింటి మెడలు కొరికిపోతుంది.

తిండి గురించి ఒకటి. ఊళ్లో మేము కోడిపిల్లలకు చెదలు పట్టి పెడతాం. పాత కుండలో పేడ, తడిపిన గోనె ముక్క, నాలుగు జొన్నచొప్ప ముక్కలు కుక్కి చెదలున్న చోట బోర్లిస్తే రెండు రోజుల్లో కుండ నిండా తెల్లగా కదులుతుంటాయి. కుండ ఎత్తి పిల్లల ముందు దులిపితే చూడాలి వాటి ఆనందం, ఒకదాని మీద ఒకటి పడి మింగుతాయి. ఖర్చు లేని మాంసకృత్తులు. మీ ఇంటి చుట్టూ తలుపులు, కిటికీలు కొయ్యవైతే మాత్రం ఈ పని చేయకండి, తర్వాత నన్ను తిట్టుకుంటారు.

గంపకిందపెట్ట
పెద్ద పెట్టలకు రోజుకు వంద నుంచి నూటఇరవై గ్రాముల దాణా. నూకలు, తవుడు, ఇంట్లో మిగిలిన కూరగాయల తొక్కలతోనే నెట్టుకొస్తే తోలుగుడ్లు పెడతాయి, పట్టుకుంటే మెత్తగా బెలూన్‌లా ఉంటాయి. అప్పుడు ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావలసినంత అవే తింటాయి. గుడ్డు పెంకులైతే పెనం మీద కాల్చి బాగా నలిపి వేయాలి, ఆకారం కనపడేలా వేస్తే సొంత గుడ్లు పొడుచుకుని తినడం మరుగుతాయి. లేయర్ మాష్ అని గుడ్ల కోళ్లకు అమ్మే దాణా పెద్దవాటికే, అందులో సున్నం ఎక్కువ, చిన్నపిల్లల మూత్రపిండాలు తట్టుకోలేవు. బూజు పట్టిన మొక్కజొన్న, పల్లీ చెక్క ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఎండాకాలం నీళ్లు రెండు చోట్ల పెట్టి మధ్యాహ్నం కొంచెం పలచటి మజ్జిగ ఇవ్వండి.

ఇంకొక మాట. నాటు పెట్ట పొదుగుకు కూర్చుని లేవకపోతే దాని ముక్కు కన్నాల్లో ఈక గుచ్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. తిండి కూడా సరిగ్గా తినలేదు పాపం. ఆ బదులు కింద కూడా జాలి ఉండే పంజరంలో మూడు నాలుగు రోజులు పెట్టండి, పొట్ట కింద గాలి ఆడితే వేడి దిగి మామూలైపోతుంది.

నాటుకోడిపులుసు
తెల్ల పుంజు సరే. డేగనో కాకినో ఒక పందెం పుంజుని పెంచి సంక్రాంతికి అమ్మితే పదేళ్ల దాణా ఖర్చు వచ్చేస్తుంది కదా. ఆలోచించు అన్నా.

కోనసీమ కొబ్బరి
మా ఇంట్లో ఒక డేగ ఉంది, మా అమ్మ పెంచింది, అమ్మ పిలిస్తేనే వస్తుంది. ప్రతి డిసెంబరులో ఎవరో ఒకరు వచ్చి దాని కాళ్లు, మెడ చూసి ధర చెప్తారు. మొన్న వచ్చినాయన చెప్పిన మొత్తం వినగానే మా నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు, అమ్మ మాత్రం లోపల్నుంచే "కాఫీ తాగి వెళ్లండి" అంది, అంతే. కత్తి కట్టిన పందెం పదినిమిషాల్లో అయిపోతుంది, గెలిచిన కోడి కూడా కుట్లతో ఇంటికొస్తుంది. 1960 జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరం కూడా. ఒకరు పెంచుకునే కోడి గురించి అడుగుతుంటే ఈ సలహా ఎందుకు తమ్ముడూ?

నాటుకోడిపులుసు
సరదాకి అన్నాను అన్నా, వదిలేయండి. సీరియస్‌గా ఒకటి అడుగుతా, కడక్‌నాథ్ అనే నల్లకోడి గుడ్డు కూడా నల్లగా ఉంటుందా? మా దగ్గర ఒకాయన నల్లగుడ్డు అని ఎక్కువ ధర చెప్తున్నాడు.

సిద్దిపేట సైకిల్
ఉండదు. మాంసం, ఎముక, చర్మం నలుపు, గుడ్డు మాత్రం లేత గోధుమ రంగే. నల్లగుడ్డు అన్నాడంటే రంగేసి ఉంటాడు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ పేరు మీద ఏది పడితే అది అమ్ముతున్నారు.

బోడుప్పల్ నాన్న
అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. గ్రామప్రియ మూడు, నాటుది ఒకటి అనుకున్నాం. అమ్మ ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పిల్లలేమో ఏ కోడినీ కోయడానికి వీల్లేదని కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకున్నారు.

పెన్షన్ డాక్టరమ్మ
అయితే లెక్క ముందే చూసుకోండి. ఐదారు నెలలకు గుడ్లు మొదలవుతాయి, రెండేళ్ల తర్వాత బాగా తగ్గుతాయి, బాగా చూసుకుంటే కోడి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. అంటే ఎక్కువకాలం గుడ్లు సరిగ్గా పెట్టని కోడినే మీరు పోషించాలి. నాలుగూ ఒకేసారి తేకండి, ఈ ఏడాది రెండు, వచ్చే ఏడాది రెండు. అప్పుడు ఇంట్లో గుడ్లు పూర్తిగా ఆగవు, ముసలివాటికి గూట్లో చోటూ ఉంటుంది. నాటుదాన్ని పొదిగిస్తే వచ్చేవాటిలో సగం పుంజులే అవుతాయి, అవి ఎవరింటికి వెళ్తాయో గుడ్లు గంపలో పెట్టకముందే తేల్చుకోండి. పిల్లలు రాసిన కాగితంలో ఆ పుంజుల మాట ఉందా?

బోడుప్పల్ నాన్న
లేదు డాక్టరమ్మా. మా పెద్దది ఇది చదివి, "అయితే పొదిగించొద్దు, గుడ్లు రోజూ తీసేద్దాం" అంటోంది. చిన్నోడికి మాత్రం పొదిగించాలట. వాళ్ల మధ్య ఇంకా తేలలేదు. ఈలోగా గూడు మొదలుపెడుతున్నా, జామచెట్టు కింద ఆరడుగులకు నాలుగు అడుగులు స్థలం ఉంది, చాలా?

సిద్దిపేట సైకిల్
రాత్రి పడకకు కోడికి రెండు చదరపు అడుగులు చాలు, ఐదింటికి పది. పగలు తిరగడానికి మాత్రం ఒక్కోదానికి ఎనిమిది, పది చదరపు అడుగులు కావాలి కాబట్టి గూడు బయట మెష్ కట్టిన తిరుగుడు జాగా ఇంకో నలభై, యాభై కలుపుకోండి. గూడు నేలకు రెండడుగుల ఎత్తులో ఉండాలి, ఎక్కి పడుకోవడానికి అడ్డకర్ర రెండంగుళాల మందం. రేకు వేస్తే మీదికి కొబ్బరిమట్టలో గడ్డో కప్పాలి, లేకపోతే మే నెలలో లోపల కోళ్లు ఉడికిపోతాయి. మీ మట్టి గట్టిదా వదులుదా చెప్పండి, వదులైతే మెష్ పూడ్చే లోతు ఒకటిన్నర అడుగు చేద్దాం. ఫొటో పెట్టండి.